గేటు నుంచి పోర్టికో దాకా: కుంగని కారు దారి వేసుకోవడం ఎలా

ఇల్లు కట్టేటప్పుడు అన్నిటికంటే చివర్లో, చేతిలో డబ్బు అయిపోయాక గుర్తొచ్చేది గేటు నుంచి పోర్టికో దాకా వేసే దారి. గృహప్రవేశం వారంలో ఉందనగా నాలుగు ట్రాక్టర్ల బుసక (సన్న ఇసుక) తోలించి, నీళ్లు చల్లి, దాని మీద పేవర్లు (అచ్చుపోసిన సిమెంటు రాళ్లు) పరిపించేస్తారు. ఒక్క వానాకాలం దాటేసరికి కారు చక్రాలు నడిచే రెండు చాళ్లూ కుంగుతాయి, మధ్యభాగం గట్టులా మిగిలిపోతుంది. అందరూ పేవర్లని తిడతారు, పాపం వాటిలో ఏ లోపమూ ఉండదు. కింద ఏం వేశారు, వాన నీళ్లు ఎటు పోతున్నాయి అన్నవే ఆ దారి ఎన్నేళ్లు నిలుస్తుందో తేలుస్తాయి. కాబట్టి ఇక్కడ కూడా పైన వేసే రాయి గురించి తక్కువ, కింద చేయాల్సిన పని గురించి ఎక్కువ చెబుతాను.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి 12 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు ఉన్న దారిని ఉదాహరణగా తీసుకుందాం. అంటే 300 చదరపు అడుగులు. మీ కొలతలకి తగ్గట్టు పెంచుకోండి, తగ్గించుకోండి.

1. మీ నేల ఏ రకమో చూసుకోండి

గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. విజయవాడలో ఒక్కో పేటది ఒక్కో తీరు. కృష్ణ ఒడ్డు వెంట ఇసుక కలిసిన ఒండ్రు, మొగల్రాజపురం, గుణదల కొండవార రాయి, గ్రావెల్. కానూరు, పోరంకి వైపు కొత్త లేఅవుట్లు చాలావరకు ఒకప్పటి పొలాలు. మెరక చేయడానికి పైన తోలిన మట్టిని చూసి మోసపోకండి, దాని కింద అసలు నేల ఏమిటో తెలియాలి. దారి వచ్చే చోట రెండు అడుగుల లోతున ఒక చిన్న గొయ్యి తీయించండి. వేసవిలో వేలు దూరేంత బీటలు వారి, తడిస్తే చెప్పులకి ముద్దలుగా అంటుకునే నేల అయితే అది రేగడే.

రేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. ఏటా జరిగే ఈ కదలికకి పైన ఎంత ఖరీదైన రాయి వేసినా లేస్తుంది, కుంగుతుంది. ఇసుక నేల, గ్రావెల్ నేల ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వాళ్లకి తవ్వకం సుమారు పావు వంతు తగ్గుతుంది.

2. నీళ్లు ఎటు పోవాలో కాగితం మీద గీయండి

మేస్త్రిని పిలవకముందే చేయాల్సిన పని ఇది. పోర్టికో అంచు ఎత్తు, గేటు దగ్గర ఎత్తు, రోడ్డు ఎత్తు, బయటి కాలువ అడుగు ఎత్తు, ఈ నాలుగూ కొలవండి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం చాలు. పారదర్శకమైన పైపులో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, రెండు చివర్లూ రెండు చోట్ల పట్టుకుంటే నీటి మట్టం ఒకటే ఉంటుంది. అక్కడి నుంచి నేలకి కొలుచుకుంటే తేడా తెలుస్తుంది.

వాలు అడుగుకి పావు అంగుళం ఉండాలి. మన 25 అడుగుల దారికి పోర్టికో వైపు గేటు కంటే సుమారు 6 అంగుళాలు ఎత్తు రావాలన్నమాట. వాలు ఎప్పుడూ ఇంటి గోడకి దూరంగానే పోవాలి. గోడ వైపు నీళ్లు మళ్లితే పునాది పక్కన రేగడి తడిసి, ఆ ఉబ్బు గోడల్లో బీటలుగా బయటపడుతుంది.

ఇక్కడ చాలామంది చూసుకోని చిక్కు ఒకటుంది. గేటు రెక్కలు లోపలికి తెరుచుకునేవైతే, లోపలికి పోయేకొద్దీ నేల లేస్తుంది కాబట్టి రెక్క అడుగు భాగం రాయికి తగులుతుంది. 6 అడుగుల రెక్కకి ఒకటిన్నర అంగుళం ఎత్తు లేస్తుంది. గేటుని పూర్తయిన మట్టానికి రెండు అంగుళాలు పైన ఉండేలా బిగించమని ఫాబ్రికేటర్‌కి ముందే చెప్పండి, లేదా పక్కకి జరిగే గేటు పెట్టించుకోండి. రాళ్లు పరిచాక గేటు కింద కోయించడం డబ్బు దండగ.

రోడ్డుకీ పోర్టికోకీ ఎత్తు తేడా ఎక్కువగా ఉంటే అది ర్యాంపు అవుతుంది. 10 అడుగులకి ఒక అడుగు లేచే వాలు హాయిగా ఉంటుంది. 8 అడుగులకి ఒక అడుగు వరకు లాక్కురావచ్చు. అంతకంటే నిటారైతే కారు పొట్ట రాసుకుంటుంది, వానలో స్కూటర్ మీద వచ్చే ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ ప్రమాదం. ర్యాంపు పైనా కిందా మూడు నాలుగు అడుగుల మేర వాలు తగ్గించి, మెల్లగా కలపండి. ర్యాంపు మొత్తం మీ హద్దు లోపలే ముగియాలి. రోడ్డు మీదికి కాంక్రీటు పోసి, మునిసిపల్ కాలువని మూసేస్తే పూడిక తీసే రోజున దాన్ని పగలగొడతారు, ఆ వీధి నీళ్లు మీ ఇంటి ముందే నిలుస్తాయి. కాలువ మీద ఎత్తి పక్కన పెట్టగలిగే పలకలే వేయండి.

ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉంటే కథ వేరు. రోడ్డు మీద మళ్లీ మళ్లీ పొరలు వేయడంతో పాత పేటల్లో చాలా ఇళ్ల పరిస్థితి ఇదే. అప్పుడు గేటు గీత దగ్గర గడపలా రెండు మూడు అంగుళాల గట్టు పోయించి, దాని లోపలి పక్కన అడ్డంగా 6 అంగుళాల కాలువ కట్టి, ఇనుప జాలీ వేయించండి. ఆ నీళ్లని ఇంకుడు గుంతకి మళ్లించండి. రేగడిలో మూడు నాలుగు అడుగుల గుంత తీస్తే నీళ్లు ఇంకవు, నిలుస్తాయి. రేగడి పొర దాటి కింద ఇసుకో గ్రావెలో తగిలేదాకా దిగాలి. గుంత ఇంటి పునాదికి వీలైనంత దూరంగా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు చూశాం, అంత వరదని ఏ గట్టూ ఆపదు. మామూలు వానల్లో రోడ్డు మురుగు వాకిట్లోకి రాకుండా మాత్రం ఇది కాపాడుతుంది.

3. కింద ఏమేం ఉన్నాయో గుర్తుపెట్టండి

మన ఇళ్లలో సంపు, బోరు, మురుగు చాంబరు, సెప్టిక్ ట్యాంకు అన్నీ గేటు దగ్గరే ఉంటాయి. వాటి మీదుగానే కారు వెళుతుంది. సంపు మీది స్లాబు మనుషులు నడవడానికి వేసిందా, కారు బరువుకి వేసిందా అన్నది ఇల్లు కట్టిన ఇంజనీరుని అడిగి తేల్చుకోండి. సమాధానం తేలకపోతే చక్రాలు దాని మీదికి రాకుండా దారిని జరపండి, లేదా స్లాబు మార్పించండి. ఇందులో సర్దుబాటు వద్దు, కింద పడేది మనుషులు.

చాంబర్ల మూతల మీద ముద్రించిన రకం చూడండి. ఎల్‌డీ 2.5 అంటే రెండున్నర టన్నుల పరీక్ష భారానికి, ఎండీ 10 అంటే పది టన్నులకి చేసినవి. కారు నడిచే చోట ఎండీ 10 పెట్టండి. పని మొదలుపెట్టకముందే దారి కింద అడ్డంగా రెండు ఖాళీ పీవీసీ పైపులు వేసి, చివర్లు మూయించండి. రేపు సీసీ కెమెరా వైరుకో, ఎలక్ట్రిక్ కారు చార్జర్‌కో, తోటకి నీటి పైపుకో రాళ్లు లేపే అవసరం ఉండదు.

4. పైన ఏం వేయాలో తేల్చుకోండి

నా ఓటు సిమెంటు పేవర్లకే, ముఖ్యంగా రేగడి మీద. నేల కొంచెం కదిలినా అవి విడివిడిగా సర్దుకుంటాయి. ఎక్కడైనా కుంగితే ఆ నాలుగూ లేపి, కింద సరిచేసి, మళ్లీ అవే పెట్టుకోవచ్చు. కాంక్రీటు పలక ఒకసారి పగిలితే అతుకు జన్మంతా కనబడుతుంది.

కారుకి 60 ఎంఎం మందం, ఎం–35 గ్రేడు (కాంక్రీటు గట్టిదనాన్ని చెప్పే అంకె) చాలు. తరచూ నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చే ఇల్లయితే 80 ఎంఎం తీసుకోండి. పేవర్లకి భారత ప్రమాణం ఐఎస్ 15658. దాని ప్రకారం రాయి పీల్చే నీరు సగటున 6 శాతం దాటకూడదు. ఇది ఇంట్లోనే ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. బాగా ఎండిన పేవరుని వంటింటి తూకం మీద తూచి, ఒక రోజంతా బకెట్‌లో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. 200 ఎంఎం పొడవు, 100 ఎంఎం వెడల్పు, 60 ఎంఎం మందం ఉన్న రాయి రెండు ముప్పావు కిలోల దాకా తూగుతుంది. నానాక 165 గ్రాములకి మించి పెరిగితే ఆ సరుకు వద్దు. రెండు రాళ్లు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. ఒకటి పగలగొట్టి లోపల చూడండి, చేత్తో నలిపితే పొడి రాలకూడదు.

రబ్బరు అచ్చులో పోసిన నిగనిగలాడే రకాలు షాపులో అందంగా ఉంటాయి. తడిస్తే జారుతాయి. పాలిష్ చేసిన గ్రానైటూ అంతే, చీమకుర్తి రాయి మీద ఎంత మోజున్నా వాకిలికి మంట పట్టించి గరుకు చేసినదే వాడాలి. మాచర్ల నాపరాళ్లు కావాలనుకునేవాళ్లు కింద కాంక్రీటు బెడ్ లేకుండా వేయకండి, చక్రం అంచు మీద పడగానే విరుగుతాయి.

గేటు ముందు మూడు నాలుగు అడుగుల మేర మాత్రం నున్నటి కాంక్రీటో నాపరాయో వేయించండి. పేవర్ల సందుల మీద ముగ్గు సరిగ్గా కుదరదు. ధనుర్మాసం నెలంతా ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడతారు.

5. తవ్వండి

రేగడి అయితే పూర్తయిన మట్టానికి కింద ఒకటిన్నర అడుగు తవ్వాలి. పై నుంచి కిందికి లెక్క ఇది: పేవరు 60 ఎంఎం, దాని కింద ఇసుక పరుపు 30 ఎంఎం, తర్వాత 5 అంగుళాల వెట్ మిక్స్ (కంకర, పొడి కలిసిన మిశ్రమం), అన్నిటికంటే కింద 9 అంగుళాల గ్రావెల్. ఇసుక నేలలో ఆ గ్రావెల్ పొర నాలుగైదు అంగుళాలకి తగ్గించుకోవచ్చు.

కాంపౌండు గోడ పక్కన జాగ్రత్త. చాలా గోడల పునాది లోతు తక్కువ. గోడ పొడవునా ఒకేసారి దాని పునాది అడుగు దాకా తవ్వేస్తే గోడ ఒరిగిపోతుంది. గోడకి ఒక అడుగు వదిలి తవ్వండి, తప్పదంటే నాలుగైదు అడుగుల ముక్కలుగా తవ్వుతూ వెంటవెంటనే పూడ్చండి.

గొయ్యి అడుగు కూడా గేటు వైపు అదే వాలులో ఉండాలి. పైనుంచి దిగిన నీరు అడుగున నిలిస్తే మళ్లీ రేగడే తాగుతుంది. తవ్విన గొయ్యిని వానకి వదిలేయొద్దు. అందుకే సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఏప్రిల్ లోపు ముగించడం మంచిది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, జూన్ తర్వాత ఎలాగూ వానలే.

6. పొరలు వేయండి

అసలు పని ఇదే. డబ్బు, ఓపిక, మీ కళ్లు, మూడూ ఇక్కడ పెట్టండి.

ముందు రేగడి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచండి. రేగడి, గ్రావెల్ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా అది ఆపుతుంది. దాని మీద ఎర్ర గ్రావెల్. చాలామంది డబ్బు కలిసొస్తుందని ఇక్కడ బుసక నింపుతారు. రేగడి గోతిలో బుసక అంటే నీళ్ల తొట్టే, వాన నీరంతా దిగి అడుగున చేరి రేగడిని నెలల తరబడి తడిగా ఉంచుతుంది. పట్టు ఉండే గ్రావెల్ గట్టిపడితే నీటిని అంతగా దిగనివ్వదు. ఇల్లు కూల్చిన రబ్బిష్ కూడా వద్దు, పెద్ద ముక్కల మధ్య ఖాళీలు తర్వాత కూలుతాయి.

గ్రావెల్ మొత్తం ఒకేసారి పోసి పైన మాత్రం కొడితే సరిపోదు. నాలుగు అంగుళాల చొప్పున పోసి, తడిపి, ప్లేట్ వైబ్రేటర్‌తో (అదురుతో నేలని అణిచే యంత్రం) నాలుగైదు సార్లు తిప్పించాలి. తడి ఎంత ఉండాలంటే, గుప్పెట్లో పిసికితే ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. చేతి దిమ్మిస మూలలకీ, గోడ వారలకీ, చాంబర్ల చుట్టూ వాడండి. మొత్తం దారికి అది చాలదు. యంత్రం అద్దెకి దొరుకుతుంది, ఆ అద్దె దగ్గర బేరం ఆడి పని పాడుచేసుకోవద్దు. మడమతో గట్టిగా తొక్కితే గుర్తు పడకపోతే ఆ పొర కుదిరినట్టు.

తర్వాత వెట్ మిక్స్. 40 ఎంఎం కంకర నుంచి పొడి దాకా అన్ని సైజులూ కలిసిన మిశ్రమం ఇది, క్రషర్ల దగ్గర దొరుకుతుంది. విజయవాడ వాళ్లకి దొనబండ, పరిటాల వైపు, గుంటూరు వాళ్లకి పేరేచర్ల వైపు క్రషర్లున్నాయి. దీన్నీ రెండు పొరలుగా వేసి అలాగే కొట్టండి. ఈ పొర పై మట్టం పేవరు మట్టంలాగే కచ్చితంగా వాలులో రావాలి. ఇక్కడున్న ఎగుడుదిగుళ్లని ఇసుకతో సర్దితే ఆరు నెలల్లో అవే గుంటలు పైకి కనబడతాయి.

సరుకు లెక్క చూద్దాం. 300 చదరపు అడుగులకి 9 అంగుళాల గ్రావెల్ అంటే గట్టిపడ్డాక 225 ఘనపు అడుగులు. కొడితే అణుగుతుంది కాబట్టి మూడు యూనిట్లు, అంటే 300 ఘనపు అడుగులు తెప్పించండి. వెట్ మిక్స్ 125 కావాలి, 160 తెప్పించండి. పరుపు ఇసుక 40 చాలు. 200కి 100 సైజు పేవర్లు చదరపు మీటరుకి 50 పడతాయి, మన దారికి సుమారు 1,400. కోతలకీ, దాచుకోవడానికీ కలిపి 1,480 తీసుకోండి.

7. అంచులు బిగించండి

అంచు లేని పేవర్లు చక్రాల తోపుడుకి పక్కకి జరుగుతూ, సందులు విచ్చుకుంటూ పోతాయి. ఒక పక్క కాంపౌండు గోడ ఉంటే సరే, రెండో పక్క తోట మట్టే ఉంటుంది. అక్కడ వెట్ మిక్స్‌లోకి దిగేలా కాంక్రీటు అంచు పోయించండి, 6 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల లోతు. గేటు దగ్గరా, పోర్టికో దగ్గరా కూడా ఉండాలి. వారం రోజులు తడపండి. ఆ వారం ఆగకుండా రాళ్లు పరచడం మొదలుపెడితే, వైబ్రేటర్ అదురుకి పచ్చి అంచు బీట్లిస్తుంది.

8. పరుపు, రాళ్లు

పరుపుకి ముతక ఇసుక లేదా పొడి తక్కువ ఉన్న రోబో శాండ్ (రాయిని నలగ్గొట్టి చేసిన ఇసుక) వాడండి. బూడిదలాంటి సన్న డస్ట్ నీరు పట్టి ఉంచుతుంది, బరువు పడ్డప్పుడు సందుల్లోంచి బురదగా పైకి చిమ్ముతుంది. సిమెంటు మాలు మీద పేవర్లు పెడతామనే మేస్త్రీలు ఉంటారు. ఒప్పుకోకండి. మాలు మీద పెడితే పేవరుకున్న సర్దుకునే గుణమే పోతుంది, మాలు ఒక్కచోట పగిలితే రాయి ఊగుతుంది.

30 ఎంఎం లావున్న రెండు పైపులు సమాంతరంగా పెట్టి, మధ్యలో ఇసుక పోసి, బద్దతో లాగితే పరుపు సమంగా వస్తుంది. పైపులు తీసిన గాడిని ఇసుకతో నింపండి. లాగిన పరుపు మీద ఎవరూ తొక్కకూడదు, పరిచిన రాళ్ల మీద నిలబడి ముందుకి సాగాలి.

రాళ్ల వరసకి దారం కట్టి, మూలమట్టంతో మొదటి మూల సరిచూసుకుని గేటు వైపు నుంచి మొదలుపెట్టండి. కారు నడిచే చోట ఇటుక ఆకారపు రాళ్లని ఒకదానికొకటి అడ్డంగా, చేపముల్లు తీరులో పరిస్తే చక్రం ఎటు తోసినా కదలవు. ఒకే దిక్కుకి వరసలు పెడితే బ్రేకు వేసే దగ్గర జారతాయి. రాయికీ రాయికీ మధ్య రెండు నుంచి నాలుగు ఎంఎం సందు ఉంచండి. అంచుల్లో ముక్కలు మిషన్‌తోనే కోయించాలి. రాయిలో మూడో వంతు కంటే చిన్న ముక్క వచ్చేలా ఉంటే, పక్క రాయిని కూడా కోసి రెండూ పెద్ద ముక్కలయ్యేలా సర్దండి.

మొత్తం పరిచాక వైబ్రేటర్ అడుగున రబ్బరు ప్యాడ్ బిగించి, అంచుల నుంచి మధ్యకి రెండుసార్లు తిప్పాలి. పూర్తిగా ఎండిన సన్న ఇసుక చల్లి, చీపురుతో సందుల్లోకి ఊడ్చి, మళ్లీ తిప్పాలి. ఇసుక దిగడం ఆగేదాకా ఇదే. సందుల్లో సిమెంటు పాలు పోయించొద్దు. అప్పటికి చూడ్డానికి గట్టిగా ఉన్నా ఎండకి బీట్లిచ్చి పెచ్చులుగా లేస్తుంది. కారు అదే సాయంత్రం ఎక్కించుకోవచ్చు.

కాంక్రీటే కావాలంటే

కింద పొరలన్నీ అలాగే ఉండాలి. పైన 5 అంగుళాల ఎం–20 కాంక్రీటు, మధ్యలో ఇనుప జాలి. 10 అడుగులకి మించకుండా అడ్డంగా, మన 12 అడుగుల వెడల్పుకి మధ్యలో నిలువుగా కూడా, మందంలో నాలుగో వంతు లోతున గాడులు కోయించాలి. మర్నాటి దాకా ఆగకూడదు, వేసవిలో అయితే ఇంకా ముందే. పై మొహం చీపురుతో గరుకు చేయించండి. పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన) సిమెంటు అయితే పది రోజులు గట్లు కట్టి నీళ్లు నిలపాలి. మే నెల మధ్యాహ్నం మాత్రం పోయొద్దు, తెల్లవారుజామున మొదలుపెట్టండి.

మేస్త్రితో మాట

చదరపు అడుగుకి ఇంత అని ఒక్క అంకె మీద ఒప్పందం చేసుకోకండి. తవ్వే లోతు, ఒక్కో పొర మందం, పేవరు మందం, గ్రేడు, వైబ్రేటర్ అద్దె ఎవరిది, తవ్విన మట్టి ఎవరు తోలాలి, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తవ్వితీసిన మట్టి పొంగి ఆరు యూనిట్ల దాకా అవుతుంది, దాని దగ్గరే ఎక్కువ గొడవలొస్తాయి. డబ్బు పొర పొరకీ ఇవ్వండి. గ్రావెల్ పూర్తయ్యాక మీరే టేపు పెట్టి కొలిచి, ఫోటో తీసుకున్నాకే తర్వాతి పొర వేయమనండి. పైన రాయి కప్పేశాక కింద ఎన్ని అంగుళాలు ఉందో ఎవరూ చూపించలేరు.

తర్వాత చూసుకోవాల్సినవి

రోజూ వాకిలి కడిగే ఇళ్లలో సందుల ఇసుక కొట్టుకుపోతుంది. ముఖ్యంగా ప్రెషర్ పైపుతో కడిగితే. మొదటి వానాకాలం అయ్యాక ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఎండు ఇసుక ఊడ్చి నింపండి. నాచు పడితే గరుకు చీపురుతో రుద్దండి, యాసిడ్ పోస్తే సిమెంటు తినేస్తుంది. వానలకి ముందు జాలీ ఎత్తి కాలువలో ఆకులు, పూడిక తీయించండి. ఎక్కడైనా రాయి కుంగితే మొదట నీళ్ల పైపు లీకేజీ ఉందేమో చూడండి, ఆ తర్వాతే రాయి లేపి, వెట్ మిక్స్ నింపి కొట్టి, ఇసుక వేసి తిరిగి పెట్టండి. మిగిలిన పేవర్లని మెట్ల కిందో మేడ మీదో దాచండి. నాలుగేళ్ల తర్వాత అదే రంగు, అదే అచ్చు బజారులో దొరకడం కష్టం.